ఆ రెండు నెలల స్పానిష్ సార్ దగ్గర కోర్సు కొనేముందు ఇది చదవండి

ఇన్‌స్టాలో రోజూ తగిలే ఆ సారే. పేరు చెప్పక్కర్లేదు, ఆ యాడ్ చూడనివాళ్ళు ఇక్కడ ఉండరు. నేనూ చూసి 6,999 కట్టాను. ముందు డెమో క్లాసు అడగమని మా తమ్ముడు మొత్తుకున్నాడు. వింటేనా!

మొదటి నెల ఏదో గడిచింది. తర్వాత కండిషనల్ అనే క్రియారూపం మొదలైంది. "డబ్బుంటే వెళ్ళేదాన్ని" అంటాం చూడండి, అందులో ఆ "వెళ్ళేదాన్ని". నిజానికి తేలికే. క్రియను కత్తిరించకుండా చివర ఈయా, ఈయాస్ తగిలించడమే. అబ్లార్ (మాట్లాడటం) అబ్లరీయా అవుతుంది, కొమేర్ (తినడం) కొమెరీయా. ఓ డజను క్రియలు మాత్రం మొండివి. తెనేర్ (కలిగి ఉండటం) తెన్‌ద్రీయా అవుతుంది, అసేర్ (చేయడం) అరీయా, పొదేర్ (చేయగలగడం) పొద్రీయా, దెసిర్ (చెప్పడం) దిరీయా. రోజూ కావలసినవి ఇవే మరి! సారుగారి పీడీఎఫ్‌లో ఈ గొడవే లేదు. తెనెరీయా, అసెరీయా, పొదెరీయా... అన్నిటినీ ఒకే అచ్చులో పోసేశారు. మూడు వారాలు ఆఫీసు బస్సులో కూర్చుని అవే బట్టీ పట్టాను, బుద్ధిమంతురాలిలా.

మొన్న శుక్రవారం మెక్సికో టీమ్‌తో చాట్‌లో "రిపోర్టు మళ్ళీ పంపాల్సి ఉంటుంది" అనబోయి తెనెరీయా అని కొట్టాను. అటు ఆవిడ ఒక నవ్వు బొమ్మ పెట్టి మెల్లిగా చెప్పింది. తెనెరీయా అంటే తోళ్ళు శుద్ధి చేసే టానరీ అట!

గ్రూపులో మర్యాదగానే అడిగాను, సార్ ఇది తెన్‌ద్రీయా కదా అని. వాయిస్ మెసేజ్ వచ్చింది. "మేడమ్, మెక్సికో వాళ్ళది కల్తీ స్పానిష్. స్పెయిన్‌లో ఇలాగే అంటారు. పాఠం నేను చెప్పాలా, మీరు చెప్తారా?" నూట ఎనభై మంది వింటున్నారు. సరే, సాక్షాత్తూ స్పెయిన్ రాయల్ అకాడమీ నిఘంటువు లింకు పెట్టాను. 1713లో పెట్టిన భాషా సంస్థ, దానికి తెలియనిది ఈయనకి తెలుసు కాబోలు. రెండు నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. డబ్బులు వెనక్కివ్వమంటే "పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేశారుగా" అని ఒక్క ముక్క, ఆ వెంటనే బ్లాక్.

ఆ ముందు క్లాసులో ఈయనే చెప్పారు, ఎవరినైనా మర్యాదగా అడగాలంటే కండిషనల్ వాడాలి, "పొదెరీయా" అనాలి అని. మర్యాద పాఠం, అదీ తప్పుల తడక!

డబ్బు పోతే పోయింది, ఆ తెనెరీయా నా నోట్లోంచి పోవట్లేదు. నిన్న రాత్రి కూడా ముందు అదే వచ్చింది.

ఇంకా కొంటామంటే, కట్టేముందు ఒక నమూనా పేజీ అడిగి ఆ నాలుగు క్రియలు చూసుకోండి. అకాడమీ సైటులో క్రియ కొడితే పట్టిక మొత్తం ఉచితంగా వస్తుంది. మెక్సికో పుస్తకాల్లో ఈ కండిషనల్‌నే పోస్‌ప్రెతేరితో అంటారు, వేరేది అనుకోకండి. యూపీఐ స్క్రీన్‌షాట్, ఆ వాయిస్ మెసేజ్ నా దగ్గరే ఉన్నాయి. ఇలాగే ఇరుక్కున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి.