థంబ్ ఇండెక్స్ బైబిలు: ఏళ్ల తరబడి వాడాక

ఈ బైబిలు కొన్నప్పుడు నేను చూసుకున్నది అక్షరాల సైజు, జిప్ కవరు. ఏ పుస్తకం ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలిసేలా పేజీల అంచున మెట్లు మెట్లుగా గాట్లు కోసిన థంబ్ ఇండెక్స్‌ను అంతగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరడిగినా ముందు దాని గురించే చెబుతున్నాను.

ఆరాధనలో వాక్యభాగం చెప్పగానే చప్పున తీయడానికి అది పనికొస్తుందని అందరికీ తెలుసు. మా ఇంట్లో మాత్రం దాని అసలు విలువ అమ్మ వల్ల తెలిసింది. చూపు బాగా తగ్గాక ఆమె బైబిలు పట్టుకోవడమే మానేసింది. కుటుంబ ప్రార్థనలో మేం చదువుతుంటే వినేది, అంతే.

ప్రయాణం మొదలుపెట్టే ముందు ఒక యాత్ర కీర్తన చదవడం మా అలవాటు. 120 నుంచి 134 వరకు ఉన్న ఈ 15 కీర్తనలు పండుగలకు యెరూషలేము వెళ్లేవాళ్లు పాడుకున్నవని చెబుతారు. 132వది తప్ప అన్నీ పది వచనాల లోపే, గుమ్మం దగ్గర నిలబడి కూడా చదువుకోవచ్చు. ఒకసారి రాత్రి రైలుకు బయల్దేరే హడావిడిలో అదీ కుదరలేదు. మేం బెర్తులు సర్దుకునేసరికి లైట్లు తీసేశారు. ఫోన్ వెలిగిస్తే ఎదురుగా పడుకున్న పసిపిల్ల లేస్తుందేమోనని నేను ఆగిపోతే, అమ్మ బైబిలు ఇటివ్వమంది. జిప్ తీసింది. బొటనవేలు అంచు మీద పెట్టి, ఒక్కో గాటు లెక్కపెట్టుకుంటూ కిందికి జరిపి తెరిచింది. నడవాలోంచి పడుతున్న కాస్త వెలుతురులో చూశాను, కీర్తనలే! పేజీ మీద చెయ్యి ఉంచి 121వ కీర్తన ఎనిమిది వచనాలూ నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

ఆ కీర్తన ఆమెకు ఎప్పటినుంచో కంఠతా వచ్చు, పుస్తకం లేకపోయినా చెప్పగలదు. కానీ ఎవరినీ అడగకుండా వాక్యం తనే తెరుచుకుంది. ఆ సంతోషం మర్నాడు దిగేదాకా ఆమె మాటల్లో తెలుస్తూనే ఉంది. అప్పటినుంచి ఇంట్లో ప్రార్థన వేళకు బైబిలు తెరిచి మా చేతికిచ్చేది అమ్మే.

అయితే బైబిల్లోని అన్ని పుస్తకాలకూ ఈ సౌకర్యం లేదు. నా ప్రతిలో పెద్ద గ్రంథాలకు తలో గాటు ఉంది, చిన్న ప్రవక్తల పొట్టి పుస్తకాలను మాత్రం రెండేసి మూడేసి ఒకే గాటులో కలిపేశారు. నిజానికి కీర్తనలకు ఇండెక్స్ లేకపోయినా పర్వాలేదు, బైబిలును సరిగ్గా మధ్యకు తెరిస్తే దాదాపు అక్కడికే వస్తాం. మనం తడుముకునేది 21 వచనాల ఓబద్యా, 25 వచనాల ఫిలేమోను లాంటివాటి కోసం. సరిగ్గా అక్కడే ఇది సగం దారిలో వదిలేస్తుంది. అందుకే మా అబ్బాయికి 66 పుస్తకాల వరుస నోటికి వచ్చేదాకా నేర్పించాను.

గాట్లు అరుగుతాయి కూడా. పల్చటి కాగితం కదా, కీర్తనల దగ్గర మూల మెత్తబడి చిరిగింది. టేపు వేస్తే ఆ పేజీ బిరుసెక్కి, పక్క పేజీని పట్టుకుంటోంది. నాకది చిరాకు. అమ్మకు మాత్రం నచ్చింది, టేపు వేలికి తగిలితే లెక్కపెట్టకుండానే తెరుస్తోంది. జిప్ ఒకచోట పళ్లు వదిలేసినా, బ్యాగులో పేజీలు నలగకుండా ఇన్నాళ్లు కాపాడింది.

ఫోన్లోనే చదువుకునేవాళ్లకు, వెతకాల్సిన వచనం అక్కడే టైప్ చేసుకునేవాళ్లకు ఇది అవసరమని అనను. మా అమ్మ లేకపోతే నాకూ ఇంత నచ్చేది కాదేమో. ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లుంటే మాత్రం కొనేముందు వాళ్ల చేతికిచ్చి, కళ్లు మూసుకుని గాట్లు తడిమి చూడమనండి. కొన్నింటిలో గాట్లు మరీ లోతు తక్కువగా ఉంటాయి, పేర్లు అచ్చువేసినా వేలికి తగలవు.