గోచి, లంగోటా, సపోర్టర్: ఒంటికి ఏది మేలు?

మగవాళ్లు మొల దగ్గర కట్టుకునే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడుతుంటారు. కట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. గోచి మొలతాడు మీద వేలాడుతుంది. లంగోటా తన బొందులతోనే నడుముకు బిగుసుకుంటుంది. ఆటలప్పుడు లోపల తొడుక్కునే సపోర్టర్‌ను ఎలాస్టిక్ పట్టీ పట్టుకుంటుంది. బరువు మోసేది తాడా, బొందా, ఎలాస్టికా అన్నదాన్ని బట్టే ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ జారుతుందో, ఎక్కడ ఒరుసుకుంటుందో తేలుతుంది.

గోచికి జానెడు వెడల్పు, రెండున్నర మూరల పొడవున్న నూలు గుడ్డ చాలు. పొట్ట ఉన్నవాళ్లు ఇంకో అర మూర కలుపుకోవాలి. కొత్త గుడ్డ కన్నా బాగా ఉతికి నలిగిన పంచెలోంచి చింపిన ముక్కే మంచిది. గంజి పోయి మెత్తబడి ఉంటుంది కాబట్టి తాడు కింద జారకుండా పట్టుకుంటుంది. ఒక కొసను ముందువైపు మొలతాడు కిందనుంచి పైకి తీసి, జానెడు ముక్క బయటికి వేలాడేలా వదలాలి. మిగతాది కాళ్ల మధ్యగా వెనక్కి లాగి, అక్కడా తాడు కిందనుంచి పైకి తీసి, మడిచి మళ్లీ తాడులోనే దోపాలి. అంతే.

గోచి ఊడిపోయిందంటే చాలాసార్లు తప్పు గుడ్డది కాదు, మొలతాడుది. తాడు వదులైతే గోచి బరువుకి తుంటి మీదనుంచి కిందికి దిగుతుంది. సన్నటి నైలాన్ తాడు చెమట పట్టగానే జారుతుంది, పైగా చర్మాన్ని కోస్తుంది. వెండి మొలతాడు చూడ్డానికి బాగుంటుంది గానీ, దాని అల్లికలో నూలు పోగులు చిక్కుకుని గుడ్డ పీకుకుపోతుంది. రెండు మూడు పేటలు కలిపి పేనిన నూలు తాడు, తుంటి ఎముకలకు కాస్త పైన, రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉంటే రోజంతా నిలుస్తుంది.

గోచికి సాటిలేనిది గాలి ఆడటంలో. పంచె బురదలో తడిస్తే కాళ్లకు చుట్టుకుని అడుగు పడనివ్వదు. గోచి తడిసినా నడకకు అడ్డు రాదు, ఇట్టే ఆరుతుంది. నాట్లలో దిగినవాళ్లూ, సముద్రం మీదికి వెళ్లే జాలర్లూ తరాల తరబడి దీన్నే ఎందుకు కట్టారో అందులోనే ఉంది. కానీ పరుగుకీ, గెంతుకీ, కుస్తీకీ ఇది చాలదు. కప్పుతుందే తప్ప పైకి పట్టి ఉంచదు.

మాట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇందులో పొరపాట్లు ఎక్కువ. గోచి అంటే ఈ పేలిక ఒక్కటే కాదు. పంచె కుచ్చెళ్లు కాళ్ల మధ్యగా తీసి వెనక దోపుకున్నా దాన్ని గోచి పెట్టి కట్టడం అనే అంటాం. గోచీ పోసి కట్టిన చీరా అంతే. కాబట్టి ‘గోచి పెట్టుకున్నాడు’ అన్నంత మాత్రాన ఒంటి మీద పేలిక తప్ప ఏమీ లేదని అర్థం కాదు. అదే గుడ్డ సన్యాసి ఒంటి మీదా, ఉపనయనంలో వటువు ఒంటి మీదా కౌపీనం అవుతుంది. ఆ మాటలో గౌరవం ఉంది. శంకరాచార్యులదిగా చెప్పే శ్లోకాలు ‘కౌపీనవంతః ఖలు భాగ్యవంతః’ అంటూ ముగుస్తాయి. గోచిపాత అన్నప్పుడు మాత్రం అవతలివాడి పేదరికాన్ని ఎత్తిపొడిచినట్టే. మనిషిని ఉద్దేశించి ఆ మాట వాడకపోవడమే మర్యాద. గోచినే లంగోటి అనడం హిందీ ఉర్దూల నుంచి వచ్చి తెలంగాణలో బాగా పాతుకుపోయింది. చిన్ననాటి నేస్తాన్ని లంగోటి దోస్తు అనడం వినే ఉంటారు.

అనువాదాల్లో తరచూ కనిపించే తప్పు ఇంకొకటి ఉంది. గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ వదిలేసి పొట్టి పంచెకు మారారు. ఇంగ్లిషులో దాన్ని లాయిన్‌క్లాత్ అన్నారని తెలుగులో గోచి అని రాసేస్తున్నారు. ఆయన కట్టింది మోకాళ్ల దాకా వచ్చే కొల్లాయి. తెలుగువాళ్లకు ఆ మాట ఉండగా గోచి అనడం తప్పు.

ఇక లంగోటా. మూడింటిలో కట్టడం నేర్చుకోవలసింది ఇదొక్కటే. ఇది త్రికోణపు ముక్క. వెడల్పు అంచు పైన, వెనక నడుము మీద ఉంటుంది. రెండు మూలల నుంచి బొందులు, కింది మొన నుంచి పొడవాటి తోక. గుడ్డ రెండు పొరలు వేసి కుట్టాలి, ఒక పొర అయితే బైఠక్ (గుంజిళ్లలా కూర్చుని లేచే కసరత్తు) తీసేటప్పుడు కుట్టు దగ్గరే చిరుగుతుంది. బొందు ఒక్కోటి గజం, తోక గజం పావు ఉంటే మామూలు ఒళ్లకు సరిపోతుంది. శాటిన్ బొందులు ముడి నిలవనివ్వవు, నూలువే కుట్టించుకోండి.

కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నిలబడి, బొందులు ముందుకు తెచ్చి బిగించాలి. ముడి బొడ్డు కింద పడకూడదు, వంగినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది. పక్కకు, తుంటి దగ్గర వేసుకోవాలి. తర్వాత తోకను కాళ్ల మధ్యగా ముందుకు లాగే ముందు వృషణాలను పైకీ ముందుకీ సర్దుకోవాలి. ఈ ఒక్క పని మరిచిపోతే అవి వెనక్కి నలిగి, మొదటి బైఠక్‌కే ప్రాణం లేచిపోతుంది. తోకను ముందు బొందు కిందనుంచి పైకి తీసి, దాని మీదుగా కిందికి మడిచి, మళ్లీ కాళ్ల మధ్యగా వెనక్కి తీసుకెళ్లి నడుము దగ్గర దోపాలి. పట్టు వచ్చేది ఈ రెండో చుట్టుతోనే. కట్టాక ఒకసారి గొంతుకూర్చుని లేవండి. గజ్జల్లో తిమ్మిరిగా అనిపిస్తే విప్పి మళ్లీ కట్టాలి.

కుస్తీకీ, దండాలు బైఠక్‌లకీ లంగోటాను మించింది లేదు. ఒంటి కొలతకు తగ్గట్టు ప్రతిసారీ కొత్తగా బిగుస్తుంది, ఎంత చెమట పట్టినా జారదు.

సపోర్టర్ పుట్టింది 1874లో షికాగోలో, రాళ్లు పరిచిన వీధుల్లో సైకిళ్లు తొక్కేవాళ్ల కోసం. తొడుక్కోవడం క్షణం పని. పరుగుకు బాగుంటుంది. క్రికెట్ ఆడేవాళ్లకైతే ఇంకో మాటే లేదు, గార్డు పెట్టుకునే సంచీ ఉండేది దీనికే. బంతి తగిలితే లంగోటా ఏమీ కాపాడదు. దీని బలహీనత ఎలాస్టిక్. వేడినీళ్లలో నానబెట్టినా, మండుటెండలో ఆరేసినా సాగుడు పోతుంది. సాగిపోయిన సపోర్టర్ వేసుకున్నా వేసుకోనట్టే. సైజు తొడ కొలత చూసి కాదు, నడుము కొలిచి కొనాలి.

లంగోటా కడితే గిలక (హెర్నియా) రాదన్న నమ్మకం బలంగా ఉంది. అది నిజం కాదు. గిలక వచ్చేది పొట్ట గోడ బలహీనమైన చోట లోపలి పేగు తోసుకురావడం వల్ల. బయట గుడ్డ బిగిస్తే ఆ గోడ గట్టిపడదు. దగ్గినప్పుడు గజ్జలో ఉబ్బు కనిపిస్తే బరువులెత్తడం ఆపి సర్జన్‌కు చూపించుకోవాలి. దాని మీద లంగోటా బిగించి కసరత్తు కొనసాగించడం ప్రమాదం.

రోజంతా బిగించి ఉంచడమూ మంచిది కాదు. వృషణాల్లో వేడి ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ తక్కువగా ఉండాలి, అవి బయట వేలాడేది అందుకే. లంగోటా గానీ సపోర్టర్ గానీ కసరత్తు అవగానే విప్పేయాలి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ లెక్కన ఇంటి దగ్గర గోచికే నా ఓటు.

తామర మాత్రం మూడింటితోనూ వస్తుంది, తడి గుడ్డ ఒంటి మీద ఆరితే చాలు. తాలీంలో (కసరత్తు చేసే చోట) మేకుకు తగిలించి వదిలేసిన లంగోటాను మర్నాడు అలాగే కట్టుకోవద్దు, ఒకరిది ఇంకొకరు అసలే కట్టుకోవద్దు. కనీసం రెండు ఉంచుకుని, ఏ రోజుది ఆ రోజు ఉతికి ఎండలో వేయాలి. నూలు గోచినీ లంగోటానీ మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఉతకొచ్చు. సపోర్టర్‌కు ఆ వీలు లేదు. దురద మొదలైతే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాయకండి. రెండు రోజులు తగ్గినట్టే ఉండి, తర్వాత తొడల దాకా పాకుతుంది.