ఏడిపిస్తే ఊరుకోని స్కూలు, విజయనగరం కంటోన్మెంట్ వైపు

మా పాపకి కొంచెం నత్తి. అందుకే స్కూలు చూడటానికి వెళ్లిన ప్రతిచోటా ర్యాంకులు, ఏసీ క్లాసుల గురించి కాకుండా, తోటిపిల్లలు ఏడిపిస్తే మీరేం చేస్తారు అనే అడిగాను. చాలామంది ‘మా దగ్గర అలాంటివి ఉండవండీ’ అనేశారు. ఇక్కడ హెచ్ఎం మేడమ్ ఒక్కరే ‘ప్రతి క్లాసులోనూ ఉంటాయమ్మా, కూర్చోండి, మేమేం చేస్తామో చెప్తాను’ అన్నారు. చేర్పించేశాం.

పాత స్కూల్లో పాప పాఠం చదువుతుంటే వెనక బెంచీ అబ్బాయి అలాగే అనుకరించేవాడు, క్లాసంతా నవ్వేది. మేం చెబితే సార్ వాణ్ణి బెత్తంతో కొట్టి, ఇద్దరినీ నిలబెట్టి షేక్ హ్యాండ్ ఇప్పించారు. వాడు ఆ కోపమంతా మా నెల్లిమర్లకి వచ్చే ఆటోలో పాప మీద తీర్చుకున్నాడు. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది, అయినా బెత్తం పోలేదు.

ఇక్కడా ఆరో తరగతిలో అదే మొదలైంది. క్లాస్ టీచర్ పాపతో విడిగా, ఏడిపించిన వాడితో విడిగా మాట్లాడారు, ఎదురెదురుగా నిలబెట్టలేదు. ఆ తర్వాత అసలు పని నవ్వేవాళ్ల మీద పెట్టారు, ఎందుకంటే నవ్వేవాళ్లు లేకపోతే వాడు ఎవరికోసం చేస్తాడు? ఫిన్లాండ్‌లో టుర్కు యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ‘కివా’ పద్ధతిలోనూ చూస్తూ ఉండే పిల్లల్ని మార్చడమే ముఖ్యం. ఇద్దరమ్మాయిలకి చెప్పి మధ్యాహ్నం పాప పక్కన కూర్చుని తినమన్నారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి: పాపని చదవడం మానిపించలేదు, తననే అడిగి, స్నేహితురాలితో గొంతు కలిపి చదివించారు. అలా ఇద్దరూ కలిసి చదువుతున్నంతసేపూ నత్తి బాగా తగ్గుతుంది, ఇప్పుడు తనే చెయ్యెత్తుతోంది. గొడవ సద్దుమణిగాక కూడా టీచర్ ఫోన్ చేసి కనుక్కుంటూనే ఉన్నారు.

ఇంటర్వెల్‌లో కుళాయిల దగ్గర, బాత్రూమ్‌ల వైపు ఒక టీచర్ తప్పకుండా ఉంటారు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లల కళ్లకి అందే ఎత్తులో రాసి పెట్టారు. గ్రౌండ్ చిన్నది, ఫీజు ఫర్వాలేదు.

నచ్చనిది ఆటోల సంగతి. స్కూలు వ్యాన్‌లో ఆయా ఉంటుంది, ప్రైవేటు ఆటోల్లో జరిగేది మాత్రం మా పరిధి కాదంటారు. మాలాగా నెల్లిమర్ల నుంచి వచ్చేవాళ్లకి ఆటోనే దిక్కు, ఏడిపించేది ఎక్కువగా అక్కడే. ఆటో పిల్లల పేర్లు రాసుకుని, వాళ్లతో కూడా వారానికోసారి మాట్లాడమని మేడమ్‌ని అడిగాను, చూస్తామన్నారు. మీరు చేర్పిస్తే మీరూ అడగండి, నలుగురం అడిగితే తొందరగా అవుతుంది.