45 బైట్ల తేడా: బోటో3ని ఎనిమిదేళ్ళు వాడిన తరువాత

పైథాన్ ప్రోగ్రాముల నుంచి అమెజాన్ క్లౌడ్ సేవలను పిలవడానికి బోటో3 అనే లైబ్రరీ ఎలా పనికివస్తుందో తెలిసినవారి కోసం ఇది రాస్తున్నాను కనుక ఆ పరిచయం జోలికి వెళ్ళడం లేదు. మాది అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఇద్దరం కలిసి నడుపుకొనే చిన్న ఆఫీసు. చీనీకాయల మండీల వాళ్ళకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. లాటు తూకం అయిన వెంటనే కాటా దగ్గర ఉండే అబ్బాయి చీటీని ఫోనుతో ఫోటో తీస్తాడు. అది మా సర్వరుకు వచ్చి, అక్కడి నుంచి బోటో3 ద్వారా స్టోరేజీకి చేరుతుంది. రైతుకూ, బయటి రాష్ట్రం నుంచి సరుకు కొన్న వ్యాపారికీ ఆ ఫోటో లింకు వెళుతుంది. టన్నుకు ఇంత అని బేరం తెగే చోట తరువాత ఏ తేడా వచ్చినా అందరూ చూసేది ఆ చీటీనే.

2017 నుంచి ఇదే లైబ్రరీని వాడుతున్నాను. ఇన్నేళ్ళలో దీని గురించి ఎవరు అడిగినా నేను మొదట మెచ్చుకున్నది అప్‌డేట్ల సంగతే. దాదాపు ప్రతి పనిదినమూ ఒక కొత్త వెర్షన్ వస్తుంది. చాలావరకు అందులో ఉండేది కొత్త సేవల వివరాలే, పాత కోడు జోలికి ఏదీ రాదు. 2021 జులైలో పైథాన్ 2.7కు మద్దతు ఆపేసినప్పుడు కూడా చాలా ముందుగానే హెచ్చరికలు కనిపించాయి కాబట్టి మేము తీరిగ్గా మారిపోయాం. ఈ నమ్మకంతోనే మా రిక్వైర్‌మెంట్స్ ఫైలులో (ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీల పట్టికలో) బోటో3 అని పేరు మాత్రం రాసి, పక్కన వెర్షన్ సంఖ్య రాయకుండా ఏళ్ళ తరబడి వదిలేశాను. ఆ తప్పు పూర్తిగా నాది.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిపోయాక, వేరే భద్రతా లోపాన్ని సరిచేయడానికి సర్వరు ఇమేజీని, అంటే సర్వరులో నడిచే సాఫ్ట్‌వేర్ మొత్తం కట్టను, కొత్తగా తయారు చేశాను. వెర్షన్ సంఖ్య రాయలేదు కనుక ఆ క్రమంలో బోటో3 1.35 నుంచి 1.36కు మారింది. మా పరీక్షలన్నీ నెగ్గాయి. ఫోటోను పంపినప్పుడు స్టోరేజీ 200 (సరిగా అందింది) అని జవాబు ఇచ్చిందా లేదా అన్నది మాత్రమే ఆ పరీక్షలు చూసేవి. స్టోరేజీ ప్రతిసారీ 200 అనే చెప్పింది.

మూడో రోజు ఉదయం మండీ పెద్దాయన ఫోను చేశారు. "ఏమప్పా, చీటీ తెరిస్తే ఏమీ కనపడ్లేదు, బొమ్మ విరిగినట్లు వస్తాంది. ఢిల్లీ వాళ్ళు రెండుసార్లు అడిగినారు," అన్నారు. మొదట ఆ ఫోనులో లోపమేమో అనుకున్నాను. తరువాత నా కంప్యూటరులో తెరిచి చూస్తే అదే తీరు. సెలవుల తరువాత వచ్చిన చీటీలు ఆరువందల పైచిలుకు ఉన్నాయి, వాటిలో ఒక్కటీ తెరుచుకోలేదు. పాతవన్నీ మాత్రం బాగానే ఉన్నాయి.

ఒక చీటీ అసలు ఫోటో అబ్బాయి ఫోనులో ఇంకా ఉంది. దాని పరిమాణం 1,65,440 బైట్లు. స్టోరేజీలో అదే ఫైలు 1,65,485 బైట్లు. సరిగ్గా 45 బైట్లు ఎక్కువ. ఇంకో నాలుగు ఫోటోలను ఇలాగే పోల్చి చూశాను. పరిమాణాలు వేరువేరుగా ఉన్నా తేడా మాత్రం అదే 45. చెడిపోయిన ఫైలును మామూలు ఎడిటరులో తెరిస్తే మొదటి వరుసలో 28640 అనే సంఖ్య ఒక్కటే ఉంది, దాని కింద ఫోటో సమాచారం మొదలైంది. చివరికంటా వెళితే ఒక వరుసలో సున్నా, దాని కింద చెక్‌సమ్ సీఆర్‌సీ32 అనే పేరు, దాని పక్కన ఎనిమిది అక్షరాల ముక్క. చెక్‌సమ్ అంటే ఫైలు దారిలో చెడలేదని సరిచూసుకోవడానికి దాని బైట్ల నుంచి లెక్కకట్టే విలువ, సీఆర్‌సీ32 అందులో ఒక రకం. 28640ని హెక్సాడెసిమల్‌గా (పదికి బదులు పదహారు అంకెల లెక్కలో) చదివితే 1,65,440 అవుతుందని లెక్కవేసి చూసుకున్నాక విషయం బోధపడింది.

1.36 నుంచి బోటో3 ఎస్3కి (అమెజాన్ ఫైలు స్టోరేజీ సేవకు) పంపే ప్రతి ఫైలుకూ, మనం అడగకపోయినా, సీఆర్‌సీ32 చెక్‌సమ్‌ను లెక్కకట్టి జతచేస్తుంది. ఫైలును పంపుతూనే లెక్క కడుతుంది కాబట్టి ఆ విలువను ముందు చెప్పడం కుదరదు, చివర చెప్పాలి. అందుకోసం ఫైలును ముక్కలుగా పంపుతూ, ప్రతి ముక్క ముందూ దాని పొడవును హెక్సాడెసిమల్‌లో రాసి, అన్నీ అయ్యాక సున్నా పొడవు ముక్కతోపాటు చెక్‌సమ్‌ను పంపుతుంది. ఒక మెగాబైటు లోపు ఉండే మా ఫోటోలకు ఒక్క ముక్క చాలు. అందుకునేవాడు ఈ చుట్టిన కాగితాన్ని విప్పేసి లోపలి వస్తువును మాత్రమే దాచుకోవాలి. అమెజాన్ ఎస్3 అలాగే చేస్తుంది. మేము డబ్బు కలిసివస్తుందని వాడుతున్నది మాత్రం ఎస్3 కాదు, ఎస్3 పిలుపులకే జవాబిస్తానని చెప్పుకునే వేరొక కంపెనీ స్టోరేజీ. అది కాగితంతో సహా దాచేసింది. నాకు కష్టం కలిగించింది ఆ దాచడం కన్నా, దాచాక ఇచ్చిన 200 అనే జవాబు. అర్థంకాని హెడర్ (ఫైలుకు ముందు వచ్చే వివరాల వరుస) వచ్చినప్పుడు వద్దని తిప్పికొట్టి ఉంటే మొదటి చీటీకే తెలిసిపోయేది. రైతు తూకానికి ఉన్న ఒకే ఒక రుజువును పాడుచేసి, అంతా బాగుందని చెప్పడం నేను మరిచిపోలేను.

ఊరట కలిగించిన సంగతి ఏమిటంటే ఒక్క చీటీ కూడా పోలేదు. మొదటి వరుసలో అసలు పొడవు రాసే ఉంది కాబట్టి, ముందు నుంచి ఏడు బైట్లు తీసేసి, ఆ తరువాత అన్ని బైట్లు లెక్కపెట్టి తీసుకొని, మిగిలిన 38 బైట్లను వదిలేస్తే ఫోటో యథాతథంగా వచ్చింది. పైగా చివర ఉన్న చెక్‌సమ్‌తో ప్రతి ఫోటోనూ సరిచూసుకోగలిగాను. ఏ ఫైళ్ళు ఈ లెక్క వల్ల చెడ్డాయో, అవి సరిగా కోలుకున్నాయని ఆ లెక్కే తేల్చింది. సాయంత్రం లింకులన్నీ తెరుచుకున్నాయి. పెద్దాయన నన్ను ఏమీ అనలేదు గానీ ఆ నెలంతా కాగితం చీటీలను కూడా కట్టకట్టి పెట్టించారు.

కోడును ముట్టుకోకుండానే పాత పద్ధతికి వెళ్ళే వీలు లైబ్రరీలో ఉంది. రిక్వెస్ట్ చెక్‌సమ్ కాల్క్యులేషన్ అనే అమరికను సర్వరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో వెన్ రిక్వైర్డ్ అని పెడితే, తప్పనిసరి అయిన చోట మాత్రమే చెక్‌సమ్ పంపుతుంది. రెండు నిమిషాల పని. దీనితో అంతా సర్దుకుందని ఆ వారం నలుగురికి చెప్పాను.

నిజానికి అంతా సర్దుకోలేదు. పాత ఫోటోలను ఒక్క పిలుపులో వెయ్యి వరకు తొలగించే వీలు ఉంది కదా, మాకు నెలకొకసారి రాత్రిపూట నడిచే పని అదే. ఆ పిలుపుకు చెక్‌సమ్ తప్పనిసరి. కనుక అమరికను ఎలా పెట్టినా లైబ్రరీ అక్కడ సీఆర్‌సీ32నే పంపుతుంది. అంతకుముందు పంపినది ఎండీ5 అనే వేరే రకం చెక్‌సమ్. మా స్టోరేజీ ఎండీ5 లేదంటూ ఆ పిలుపును తిప్పికొట్టింది, బిల్లు పెరిగాక గానీ నేను గమనించలేదు. ఎండీ5ను మనమే హెడరులో చేర్చే మార్గం ఉన్నా, లైబ్రరీ లోపలి పనుల్లో తలదూర్చడం ఇష్టంలేక, ఒక్కొక్క ఫైలునూ విడిగా తొలగించేలా మార్చుకున్నాను. నెమ్మదిగా నడుస్తుంది.

అప్‌డేట్ల మీద నా పాత మెచ్చుకోలును ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఈ మార్పును మార్పుల పట్టికలో దాచిపెట్టలేదు, అది రాసే ఉంది. కానీ మధ్య సంఖ్య ఒకటి పెరిగినప్పుడు ముందు నుంచీ ఉన్న నడవడి కూడా మారవచ్చునని నేను అనుకోలేదు. ఇప్పుడు బోటో3తోపాటు దాని అడుగున పనిచేసే లైబ్రరీ బోటోకోర్‌కు కూడా సంఖ్య రాసి పెడుతున్నాను, ఎందుకంటే చెక్‌సమ్ లెక్క చేసేది అసలు బోటోకోరే. మండీకి సెలవున్న రోజున మాత్రమే మారుస్తాను. ప్రతి ఫోటో పంపాక స్టోరేజీని దాని పొడవు అడిగి, మన దగ్గరి పొడవుతో సరిపోయిందో లేదో చూసే మూడు వరుసల కోడు కూడా చేర్చాను.

నేరుగా అమెజాన్ ఎస్3నే వాడేవారికి ఇందులో ఏదీ తగలదు. కాటా దగ్గర టవరు సరిగా అందని మాలాంటి ఊళ్ళలో తాము పంపిన ప్రతి బైటూ సరిచూడబడుతుందంటే అది నిజంగా మంచి మార్పే. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ (అక్కడి డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబరులో వచ్చింది. అప్పటికే మా ఫోటోలన్నీ ఈ చవక స్టోరేజీలో చేరి ఉన్నాయి, వాటిని మార్చే ఖర్చు ఇద్దరు మనుషుల ఆఫీసుకు ఇప్పటికీ భారమే. నాకంటే పెద్ద జట్టు ఉన్నవారు, పరీక్షల కోసం వేరే సర్వరు పెట్టుకోగలిగినవారు బోటో3ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవచ్చు. నేను మాత్రం ప్రస్తుతానికి రెండు మూడు వెర్షన్లు వెనకే ఉంటున్నాను. వెన్ రిక్వైర్డ్ అమరికను తీసేసి చూసే పనిని ఇంకా పెట్టుకోలేదు.