విట్బీ తీరంలో కాటేజీయా, మూర్స్ మీద పల్లెలోనా: ఏది మేలు?

రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక కాటేజీ తీసుకుని వారం గడిపి రావడం ఇంగ్లండ్‌లోని మనవాళ్లకి బాగా అలవాటైపోయింది. హోటల్లో రెండో రోజుకే నోరు చప్పబడిపోతుంది. కాటేజీలో వంటిల్లు మనది, పొద్దున్నే టీ మనది, రాత్రి పన్నెండు దాకా పేకాట కూడా మనదే. నార్త్ యార్క్‌షైర్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఒకచోట ఆగిపోతారు: విట్బీ, రాబిన్ హుడ్స్ బే లాంటి సముద్రం పక్క ఊళ్లా? లేక లోపల నార్త్ యార్క్ మూర్స్ (చెట్లు పెద్దగా లేని బయలు కొండలు) నేషనల్ పార్కులోని గోత్‌లాండ్, హటన్ లె హోల్, రోజ్‌డేల్ లాంటి పల్లెలా? రెంటికీ మధ్య దూరం కారులో అరగంట, మహా అయితే గంట. వారం గడిచే తీరు మాత్రం పూర్తిగా వేరు.

చాలామంది కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసి బుక్ చేస్తారు. నన్నడిగితే ఆ ఇంట్లో ఎవరెవరు పడుకోబోతున్నారో ముందు చూసుకోవాలి.

రాబిన్ హుడ్స్ బే సంగతే తీసుకోండి. పాత ఊరంతా కొండవాలు మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు కట్టిన జాలర్ల ఇళ్లు. బయటివాళ్ల కార్లు పైన కార్ పార్కులోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి సూట్‌కేసులు, బియ్యం సంచీ, కుక్కరు అన్నీ పట్టుకుని నిటారు వాలులో కిందికి దిగాలి. తిరుగు ప్రయాణంలో అదంతా పైకి మోయాలి. ఇంట్లోకి వెళ్తే అంతస్తుకొక గది, ఒకటే పాదం పట్టే ఇరుకు మెట్లు, పడకగది పైన ఉంటే బాత్‌రూమ్ కింద. ఫోటోల్లో సముద్రం కనిపిస్తుంది, మెట్లు కనిపించవు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్న వేసవిలో ఇలాంటి ఇల్లు తీసుకుంటే, మోకాళ్ల నొప్పులున్న మనిషి రాత్రి రెండుసార్లు ఆ మెట్లు దిగాలి. అదే తీరంలోని స్టెయిత్స్ అనే ఊళ్లోనూ ఇదే వరస. విట్బీలో చర్చ్ స్ట్రీట్ వైపు పాత ఇళ్లకి గుమ్మం దాకా కారు రాదు. విట్బీ అబ్బే అనే పాత మఠం ఉన్న కొండెక్కే ఆ పేరున్న 199 మెట్లు మొదలయ్యేది ఆ వీధి చివరే. నది అవతల వెస్ట్ క్లిఫ్ మీద వీధులు వెడల్పు, నడవడానికి హాయి. కానీ అక్కడ పార్కింగ్ పర్మిట్ యజమాని ఇస్తాడా లేదా అన్నది ముందే అడగాలి. లేకపోతే వారమంతా అదే టెన్షన్.

ఇంత తిట్టినా, తీరంలో దొరికేది మూర్స్ మీద దొరకదు. రాబిన్ హుడ్స్ బేలో ఆటు సమయంలో రాతి పలకలు చాలా దూరం బయటపడతాయి. ఆ గులకరాళ్లలో అమ్మోనైట్ అనే పాతకాలపు సముద్రజీవి సుడి తిరిగిన శిలాజాలు దొరుకుతాయి. పిల్లలు తెచ్చి అరచేతిలో పెడితే మన పెద్దవాళ్లు చటుక్కున "ఇది సాలగ్రామం కదే!" అంటారు. ఆ మాట తప్పేమీ కాదు. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు కూడా అమ్మోనైట్ శిలాజాలే. విట్బీలో వీటికి వేరే కథ ఉంది. 657లో ఇక్కడ మఠం స్థాపించిన సెయింట్ హిల్డా పాములన్నిటినీ రాళ్లుగా మార్చేసిందట. ఊరి చిహ్నంలో కూడా మూడు చుట్టల పాములుంటాయి. ఒక్క జాగ్రత్త: పోటు టైములు చూడకుండా వెళ్లకండి. పోటెక్కితే నీళ్లు ఊరి ర్యాంపు దాకా వచ్చేస్తాయి, నిలబడడానికి ఇసుక మిగలదు. కొండచరియ కిందికి అసలే పోవద్దు, రాళ్లు రాలుతుంటాయి.

తీరానికి ఇంకో పేచీ సీ ఫ్రెట్. మే, జూన్‌లలో లోపల ఎండ కాస్తుంటే ఇక్కడ సముద్రం మీంచి చల్లటి పొగమంచు వచ్చి కూర్చుంటుంది. సముద్రం కనిపించే గదికి ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకి తెల్లటి గోడ కనిపిస్తుంది. సీగల్స్ సంగతి సరేసరి. వేసవిలో నాలుగింటికే లేపేస్తాయి, చేతిలో చిప్స్ ఉంటే అవీ వాటివే.

మూర్స్ మీద ఈ గొడవలేవీ లేవు. పాత పశువుల కొట్టాలను ఇళ్లుగా మార్చిన కాటేజీలు చాలా ఉంటాయి. కొన్నిట్లో అంతా కింద అంతస్తులోనే, కారు గుమ్మం ముందే. ఆగస్టులో, సెప్టెంబరు మొదట్లో హీదర్ అనే చిట్టి పొద పూసి కొండలన్నీ ఊదారంగు తిరుగుతాయి. ఏప్రిల్లో వెళ్తే అదే కొండ గోధుమరంగులో బోసిగా ఉంటుంది. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా! రాత్రుళ్లు మాత్రం అద్భుతం. 2020 డిసెంబరులో ఈ పార్కుని అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా (రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతంగా) గుర్తించారు. మబ్బు లేకపోతే పాలపుంత మామూలు కంటికే కనిపిస్తుంది.

ఇబ్బందల్లా పగలు ఎలా గడుస్తుందన్నదే. చాలా పల్లెల్లో ఫోను సిగ్నల్ అంతంతమాత్రం. కొత్తిమీర అయిపోతే పికరింగో విట్బీయో పరుగెత్తాలి. రోడ్డు మీద గొర్రెలు పడుకుని ఉంటాయి, చీకట్లో బండి నడపడం పరీక్షే. నడక ఇష్టమున్న జంటకి ఇదంతా స్వర్గం. పొద్దున పాలబూత్ దగ్గర నలుగురితో మాట్లాడే అలవాటున్న మామయ్యగారికి మూడో రోజుకే తోచదు. "ఇక్కడ మనుషులెవరూ ఉండరా?" అని అడుగుతారు. పికరింగ్ నుంచి గోత్‌లాండ్ మీదుగా విట్బీ వెళ్లే ఆవిరి రైలు ఒక రోజు గడిపేస్తుంది. మిగతా రోజులు?

వంటింటి విషయంలో రెండూ ఒకటే. ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియం కుక్కరు పనిచేయదు, అడుగు అయస్కాంతానికి అంటుకునే స్టీలుది పట్టుకెళ్లండి. తక్కువ ఎత్తు కప్పులున్న పాత ఇళ్లలో ఎండుమిర్చి పోపు వేయగానే స్మోక్ అలారం గోలపెడుతుంది. కిటికీ తెరిచాకే నూనె పెట్టండి. బాత్‌రూమ్‌లోకి ఒక మగ్గు కూడా సర్దుకోండి, అక్కడ దొరకదు.

చలికాలానికి లెక్క మారుతుంది. నవంబరులో అద్దె ఆగస్టుకన్నా బాగా తక్కువ కాబట్టి అప్పుడు వెళ్లేవాళ్లూ ఉంటారు. చిన్న తీరపు ఊళ్లలో చాలా ఇళ్లు సెలవులకే వాడేవి కావడంతో సాయంత్రం వీధి వీధంతా దీపం లేకుండా ఉంటుంది. కొత్తగా కట్టే ఇళ్లు స్థానికులు కాపురముండేవే కావాలని 2022లో విట్బీ జనం ఓటేసి మరీ చెప్పారు. సెలవుల ఇళ్ల వల్ల తమకి ఇళ్లు దొరకట్లేదని వాళ్ల బాధ. ఏమైనా విట్బీ పెద్ద ఊరు, చలికాలంలోనూ నాలుగు కొట్లు తెరిచే ఉంటాయి. నవంబరులో నా ఓటు విట్బీకే.

వేసవిలో పిల్లాజెల్లా, ముసలీముతకా అందరితో వెళ్తుంటే నేనైతే రెండూ తీసుకోను. విట్బీకి ఐదారు కిలోమీటర్ల లోపల, ఎస్క్ నది లోయలో స్లైట్స్ అనే ఊరుంది. సముద్రం కనిపించదు, కానీ కారు గుమ్మం దాకా వస్తుంది, ఫ్రెట్ బాధ తక్కువ, పది నిమిషాల్లో బీచ్. ఇటు కొండెక్కితే మూర్స్. లీడ్స్ నుంచి వచ్చే 840 నంబరు బస్సు ఇటే పోతుంది, మిడిల్స్‌బ్రో–విట్బీ రైలు కూడా ఆగుతుంది. రైళ్లు రోజుకి కొన్నే, కాబట్టి టైములు చూసుకోండి. తాళాలు సాయంత్రం నాలుగింటికి ఇచ్చి చివరి రోజు పొద్దున పదింటికల్లా ఖాళీ చేయమంటారు. పది మంది స్నానాలు, టిఫిన్లు, సర్దుడు అన్నీ ఆ లోపే అవ్వాలి. అందుకని రెండు బాత్‌రూమ్‌లున్న ఇల్లు చూసి మరీ తీసుకోండి.