లెక్కపెట్టి ఊపిరా, సెన్సరు పెట్టుకునా?

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగుతాయి, టెన్షన్ మొదలవుతుంది. జనరేటర్ వేసొచ్చి గట్టు మీద కూర్చుని, టెన్షన్ తగ్గడానికి సెకనుకో అంకె చొప్పున ఐదు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఐదు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి సుమారు 6 శ్వాసలు. పైసా ఖర్చు లేదు.

బయోఫీడ్‌బ్యాక్‌లోనూ, అంటే ఒంట్లో జరిగేది సెన్సరుతో చూస్తూ చేసే సాధనలోనూ, చేసేది ఇదే. కాకపోతే ఛాతీకి సెన్సరు పట్టీ కట్టుకుంటే, పీల్చినప్పుడు గుండె వేగం పెరగడం, వదిలినప్పుడు తగ్గడం ఫోన్‌లో అలలా కనిపిస్తుంది. ఆ అల బాగా పెద్దదయ్యే చోటే మీకు నప్పే వేగం. నిమిషానికి కొందరికి 5 శ్వాసలు, కొందరికి ఆరున్నర. వేళ్ల మీద లెక్కకు ఇది దొరకదు. గుండె లయ తప్పే జబ్బుంటే మాత్రం ఆ అంకెలను నమ్మలేం.

నన్నడిగితే ముందు లెక్కే. అది అలవాటయ్యాక, ఇంకా ఆసక్తి ఉంటే పట్టీ కొనండి. కళ్లు తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నట్టు, తగ్గించండి. బీపీ ఉన్నవాళ్లు ఇది చేస్తున్నాం కదా అని బిళ్లలు మాత్రం మానొద్దు.