కృష్ణా బేసిన్‌ను ‘వీప్’లో పెట్టి చూస్తే

నదీ పరీవాహక ప్రాంతాల్లో ఇరవై, ముప్పై ఏళ్ల ముందుచూపుతో నీటి ప్రణాళికలు వేసేవారికి ‘వీప్’ (WEAP, వాటర్ ఎవాల్యుయేషన్ అండ్ ప్లానింగ్) అనే సాఫ్ట్‌వేర్ కొత్తది కాదు. 1988లో మొదలైన దీన్ని స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అమెరికా కేంద్రం అభివృద్ధి చేస్తూ వస్తోంది. తొలినాళ్లలో ఆరల్ సముద్రపు నీటి లెక్కలకు వాడారు. దీన్ని కృష్ణా బేసిన్ మీద, ముఖ్యంగా ఆల్మట్టి నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా ఉన్న ప్రధాన నది మీద వాడి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. నీళ్లు చాలనప్పుడు ఎవరికి ముందు, ఎవరికి తరువాత అన్న ప్రశ్నను ఇది అంకెలుగా మార్చి మన ముందు పెడుతుంది. మనం జవాబు రాయకపోతే తనే ఒక జవాబు వేసుకుంటుంది. ఆ జవాబు కృష్ణకు బొత్తిగా పనికిరాదు.

పని మొదలయ్యేది ఒక పటంతో. నదిని నీలిరంగు గీతగా, జలాశయాలను ఆకుపచ్చ త్రికోణాలుగా, ఆయకట్టులను, నగరాలను ఎర్రని చుక్కలుగా గుర్తించి, కాలువలను ఆకుపచ్చ గీతలతో, వాడకం తరువాత నదిలోకి తిరిగి వచ్చే నీటిని ఎర్ర గీతలతో కలపాలి. ఎర్ర గీతలు గీయడం మరిచిపోయేవారు ఎక్కువ. ఇలా తిరిగి వచ్చే ‘పునరుత్పత్తి జలాల’ వాటాల మీద ఇన్నేళ్లుగా వాదించుకుంటున్న మన రాష్ట్రాలకు ఆ గీతల విలువ వేరే చెప్పనవసరం లేదు. నీటి సంవత్సరం ఏ నెలలో మొదలవాలో మనమే నిర్ణయించవచ్చు కాబట్టి జనవరిని తీసివేసి జూన్ పెట్టుకోవాలి. మనం టీఎంసీలలో (వెయ్యి మిలియన్ ఘనపు అడుగులలో) ఆలోచిస్తాం, ఇందులో లెక్కలు మిలియన్ ఘనపు మీటర్లలో నడుస్తాయి. ఒక టీఎంసీ అంటే 28.32 మిలియన్ ఘనపు మీటర్లు కనుక, కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు కేటాయించిన 181.2 టీఎంసీలు ఇక్కడ దాదాపు 5,131గా కనిపిస్తాయి. మొదట్లో తడబడినా త్వరగానే అలవాటైపోతుంది.

అసలు విషయం ప్రాధాన్య సంఖ్యలలో ఉంది. ప్రతి వాడకందారుకూ 1 నుంచి 99 వరకు ఒక సంఖ్య ఇవ్వాలి. చిన్న సంఖ్య ఉన్నవారికి ముందు నీళ్లు అందుతాయి. మనం ముట్టుకోకపోతే ఆయకట్టులన్నింటికీ 1, జలాశయాలను నింపడానికి 99 ఉంటాయి. అంటే ఎగువన ఉన్న ఆయకట్టుకూ, దిగువన ఉన్న డెల్టాకూ ఒకే హక్కు. కొరత వస్తే అందరికీ ఒకే శాతంలో కోత పడుతుంది. ఇంకా విచిత్రమేమిటంటే, జలాశయాలన్నీ 99లోనే ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ వాటన్నింటినీ సమాన నిష్పత్తిలో నింపాలని చూస్తుంది. ఆల్మట్టి సగం నిండేసరికి నాగార్జునసాగర్ కూడా సగం నిండాలన్నట్లుగా ఎగువ నీటిని కిందికి వదిలేస్తుంది! ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ నిండి గేట్లు ఎత్తేదాకా జూరాల వైపు చూస్తూ కూర్చునే మన రైతులకు ఈ ఫలితం చూపిస్తే నవ్వుతారు. బేసిన్ అంతటికీ ఒకే యజమాని ఉన్నాడని, అతడు ధర్మరాజులాంటివాడని సాఫ్ట్‌వేర్ నమ్మకం. దాన్ని సరిదిద్దాలంటే ఆల్మట్టికి ఒక చిన్న సంఖ్య, శ్రీశైలానికి అంతకన్నా పెద్దది, సాగర్‌కు ఇంకా పెద్దది ఇస్తూ రావాలి. రాష్ట్రాల సరిహద్దుల దగ్గర వాటా పరిమితులను విడిగా రాయాలి. ఇలా సంఖ్యలు వేసుకుంటూ పోతే మన ముందు నిలిచేది నిజానికి ఒక న్యాయవివాదపు చిత్తుప్రతి. 1855 నాటి ఆనకట్టతో సాగులోకి వచ్చిన డెల్టా అన్నింటికన్నా పాతది, ప్రవాహంలో మాత్రం అన్నింటికన్నా చివరిది. దానికి 1 ఇచ్చి, సాగర్ కాలువలకు 2 ఇచ్చి చూస్తే ఒక ఫలితం. రెండింటికీ 1 ఇస్తే ఇంకో ఫలితం. ఎక్సెల్ పట్టికలో ఈ నిర్ణయం ఏదో ఒక గడిలోని సూత్రంలో దాగి ఉంటుంది, ఇక్కడ ఎవరికైనా కనబడేలా అంకెగా నిలుస్తుంది. నా దృష్టిలో దీన్ని కొనియాడదగిన కారణాల్లో ఇదే మొదటిది.

ప్రవాహాల లెక్కను ఎలా ఇవ్వాలన్నది రెండో పెద్ద నిర్ణయం. సంవత్సరాలను బాగా ఎండినవి, ఎండినవి, సాధారణమైనవి, తడిసినవి, బాగా తడిసినవి అని అయిదు రకాలుగా విడగొట్టి వరుస పేర్చుకునే సులువైన పద్ధతి ఒకటి ఉంది. విద్యార్థులకు అది చాలు, కృష్ణకు చాలదు. 1894-95 నుంచి 1971-72 వరకు 78 సంవత్సరాల ప్రవాహాలను చూసిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్లలో, కనీసం 2,060 టీఎంసీలు లభిస్తాయని తేల్చింది. 1961-62 నుంచి 2007-08 వరకు 47 ఏళ్ల లెక్కను తీసుకున్న రెండో కృష్ణా ట్రిబ్యునల్, అంటే బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్, 65 శాతం విశ్వసనీయత దగ్గర 2,293, సగటున 2,578 టీఎంసీలు ఉంటాయని 2010లో చెప్పింది. నది అదే, ఎంచుకున్న సంవత్సరాలూ శాతమూ మారాయి. అందుచేత ఫైలు నుంచి చదివించే సదుపాయాన్ని వాడుకుని, దొరికినంత పొడవైన చారిత్రక వరుసను ఉన్నదున్నట్లుగా నడిపించి, ఏ మేరకు నీళ్లు ఎంత శాతం కాలంలో అందాయో చూపే గ్రాఫును తీసుకోవడమే మేలు. 2002-03, 2003-04 లాంటి వరుస కరువులు అలా నడిపినప్పుడే బయటపడతాయి. సగటులో అవి కరిగిపోతాయి.

‘ఇలా జరిగితే’ అన్న ప్రశ్నలకు వీప్ చక్కగా సరిపోతుంది. ఆల్మట్టి మట్టం 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెరిగితే ఒక సినారియో (ఊహా పరిస్థితి), పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు 80 టీఎంసీలు డెల్టాకు వస్తే మరొకటి, రెండూ కలిస్తే ఇంకొకటి. మూల సినారియో నుంచి మిగిలినవన్నీ వారసత్వంగా విలువలు తీసుకుంటాయి గనుక, మార్చిన ఒక్క అంకె తప్ప మిగతాదంతా అలాగే ఉంటుంది.

అయితే ఒక లోపం గట్టిగా చెప్పుకోవాలి. ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి నెల లెక్కనూ ఆ నెలతోనే ముగిస్తుంది. వచ్చే ఏడాది వాన రాకపోవచ్చని ముందుగా ఆలోచించి నీళ్లు అట్టిపెట్టదు. బచావత్ తీర్పు శ్రీశైలం, సాగర్‌లలో 150 టీఎంసీల క్యారీ ఓవర్‌కు (ఈ ఏటి నీటిని వచ్చే ఏడాదికి నిల్వ ఉంచుకోవడానికి) ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను అనుమతించింది. ఆ నిల్వ విలువంతా భవిష్యత్తుకు సంబంధించినదే. దాన్ని వీప్‌లో చూపించాలంటే జలాశయంలో బఫర్ మట్టం పెట్టి, ఆ మట్టం కిందికి దిగాక నెలకు ఎంత భాగం వదలవచ్చో ఒక గుణకంతో బిగించాలి. ఆ గుణకం ఎంత ఉండాలో మాత్రం మనమే తేల్చుకోవాలి.

జలాశయాల సామర్థ్యం విషయంలోనూ జాగ్రత్త అవసరం. శ్రీశైలానికి కట్టినప్పటి 308 టీఎంసీలు రాసినా, పూడిక పోను మిగిలిన 215.8 రాసినా ఇది అడ్డు చెప్పదు. సాగర్‌కు 408కి, 312కి మధ్య తేడా కూడా అలాంటిదే. పాత నివేదికలోని అంకె ఎక్కిస్తే ముప్పై ఏళ్ల ప్రణాళిక మొత్తం లేని నీళ్ల మీద నడుస్తుంది. ఇక వరదల పనికి దీన్ని వాడకూడదు. 2009 అక్టోబరులో 19 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన స్పిల్‌వే ఉన్న శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షలకు పైగా వచ్చిపడినా, నెలవారీ లెక్కలో అది కాస్త ఎక్కువ నీళ్లొచ్చిన అక్టోబరుగానే మిగులుతుంది.

సమాచారం విషయంలో కృష్ణా, గోదావరి బేసిన్లవారు అదృష్టవంతులు. గంగ, బ్రహ్మపుత్ర, సింధు ప్రవాహాల లెక్కలు గోప్యం. మన నదులపై కేంద్ర జలసంఘం కొలిచిన ప్రవాహాలు ఇండియా-వ్రిస్ పోర్టల్‌లో అందుబాటులో ఉన్నాయి. లైసెన్సు కూడా మన దేశంలోని ప్రభుత్వ శాఖలకు, విశ్వవిద్యాలయాలకు, లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితమే, రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ప్రైవేటు కన్సల్టెన్సీలు డబ్బు కట్టాలి. ఉత్తినే చూద్దామనుకునేవారికి దొరికే ప్రయోగ ప్రతిలో చేసిన పనిని దాచుకునే వీలు లేదు కాబట్టి, పటం గీయడం మొదలుపెట్టకముందే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. ఇది విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. జిల్లా స్థాయి ఇంజనీరుకైతే ఒక ఉపనది, రెండు మూడు మధ్యతరహా ప్రాజెక్టులు, వాటి కింది ఆయకట్టుతో మొదలుపెట్టమని చెబుతాను. మూసీ కానీ మున్నేరు కానీ అందుకు సరిపోతాయి.